ఫోను శ్రుతికి ఎక్కించిన పియానో

ముందుగానే చెప్పేస్తాను, తప్పు నాదే. భవానీపూర్‌లో ఒక సంగీత సంస్థ హాల్లో ఉన్న పెద్ద పియానోని, రెండు వందల పైచిలుకు తీగలతో సహా, ఉండవలసిన దానికంటే పావు స్వరం పైన నిలబెట్టి వచ్చినవాణ్ణి నేనే. దానికి అందరి ముందూ తల వంచి క్షమించమని అడిగాను. సినిమా సంగీతం వాయించినందుకు మాత్రం ఎవరినీ క్షమాపణ అడగలేదు, ఇప్పటికీ అడగను. పియానో పని నేర్చుకుంటున్నవాళ్ళు, పియానో వాయించడం నేర్చుకుంటూ "ముందు పరీక్ష పాఠాలు, తర్వాతే నీ సినిమా ముక్కలు" అని తిట్లు తింటున్న పిల్లలు, ఈ రెండు రకాలవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మిగిలినవాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు.

మాది గార్డెన్ రీచ్, కలకత్తా ఓడరేవు పక్క పేట. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి డాక్‌లో కూలికి వచ్చాడు. నాన్న కూడా ఆ గేటులోంచే వెళ్ళి ఆ గేటులోంచే వచ్చాడు. నేను మాత్రం పద్దెనిమిదో ఏట భవానీపూర్‌లో పియానోలు బాగుచేసే దుకాణంలో పడ్డాను. మొదట మోతకి. పియానోని మూడో అంతస్తు మెట్ల మీంచి దించాలంటే డాక్ కూలీల పిల్లలే నయమని అప్పటి యజమాని నమ్మకం. రెండేళ్ళు మోశాక, మూత తెరిచి ఉన్నప్పుడల్లా పక్కన నిలబడి చూసి చూసి, తీగలు కట్టడం, శ్రుతి చేయడం పట్టుబడింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ దుకాణంలోనే ఉన్నాను.

శ్రుతి చేసేవాడికి వాయించడం రావాలని ఎవరూ అనరు. రాకపోతేనే మంచిదని చాలామంది అనుకుంటారు. మా పని చెవితో. మధ్యలో ఉన్న ఒక స్వరాన్ని, శ్రుతి ఫోర్కు అనే రెండు కొమ్ముల ఇనప ముక్కని మోగించి దానితో సరిచూసుకుంటాం. అక్కణ్ణుంచి పియానో మెట్లు, అంటే వేళ్ళతో నొక్కే ఆ తెల్ల నల్ల బద్దలు, రెండేసి కలిపి నొక్కుతూ, ఆ రెంటి మధ్య వచ్చే వణుకు వింటూ, ఒక్కో తీగా బిగించుకుంటూ పోతాం. కాగితం మీద రాసిన సంగీతం నాకు ఒక్క ముక్క చదవడం రాదు. ఏ రెండు స్వరాలు కలిస్తే ఏమవుతుందో మాత్రం నా వేళ్ళకి తెలుసు. నాకు వాయించడం వచ్చింది ఆ దారిలోనే.

కొత్త తీగలు కట్టిన పియానోని వెంటనే పంపించరు. తీగ సాగుతుంది, శ్రుతి దిగిపోతుంది. అందుకని రోజుకి గంటసేపు వాయించాలి, మళ్ళీ శ్రుతి చేయాలి, మళ్ళీ వాయించాలి. ఇలా నెల పైనే పడుతుంది. మిగిలిన మిస్త్రీలు ఆ గంటలో కిందనుంచి పైకి, పైనుంచి కిందకి మెట్లు కొట్టేసి చేతులు దులుపుకునేవారు. నాకు అలా చేస్తే ఆవలింతలు వచ్చేవి. నేను సినిమాల్లో వెనక వచ్చే సంగీతం వాయించేవాణ్ణి. పాటలు కాదు. పాటలు అందరికీ వచ్చు, తప్పు వాయిస్తే పక్కవాడు దిద్దుతాడు. తెర మీద ఎవరూ మాట్లాడనప్పుడు వెనక నుంచి నడిచి వచ్చేదే నాకు కావాలి. చిన్నప్పుడు మా పేటలో ఆదివారం పొద్దున ఒక తెలుగు సినిమా వేసేవారు. హాలంతా డాక్‌వాళ్ళే. జనం పాట వస్తే ఈల వేసేవారు, పాట లేని సంగీతం వస్తే బీడీ కోసం బయటికి వెళ్ళేవారు. నేను కదిలేవాణ్ణి కాదు.

ఒక్క చిక్కుండేది. నా సొంతానికి పియానో లేదు. ఏ ముక్క నేర్చుకున్నా పరాయివాళ్ళ పియానో మీదే. ఇంకా సగం పట్టుబడకముందే పియానో బాగై వెళ్ళిపోయేది. మరో పియానో వచ్చేసరికి నాకు మరో ముక్క మీద మనసు పోయేది. అలా ముప్పై ఏళ్ళలో ఎన్నో ముక్కలు మొదలుపెట్టాను గానీ, ఒక్కటి కూడా చివరిదాకా వాయించింది లేదు. మా దుకాణంలో చెక్కకి పాలిష్ పట్టే పెద్దాయన ఉండేవాడు, బడ్జ్ బడ్జ్ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. నేను ఆయన్ని దాదా అనేవాణ్ణి, బెంగాలీలో అన్నా అని. ఆయన మాట్లాడేది బెంగాలీయే అయినా మా ఇంటి తెలుగులోనే రాస్తాను, లేకపోతే ఆ రుచి రాదు. "ఏట్రా నువ్వు," అనేవాడు, "ముప్పై ఏళ్ళ నుంచి అన్ని సినిమాలూ ఇంటర్వెల్ దాకానే సూపిత్తన్నావు."

ఆ సంగీత సంస్థ పెద్ద పియానో మా దగ్గరికి వచ్చింది కొన్నేళ్ళ కిందట, ఎండాకాలం చివర. పాత తీగలన్నీ తుప్పు పట్టాయి. మొత్తం మార్చాను. రెండు నెలలు నేను తప్ప దాని మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఇక వాయించి సాగదీసే వంతు వచ్చింది. ఆ రోజుల్లోనే నా ఫోనులో, చిన్నప్పుడు చూసిన ఒక సినిమా దొరికింది. పేరు చెప్పను. అందులో ఒక దృశ్యం. లాంచీ రేవు వదులుతుంది. ఒడ్డున ఒక మనిషి దానితో పాటు నడుస్తుంటాడు, నడక కాస్తా పరుగవుతుంది, ఒడ్డు అయిపోతుంది. మాట ఒక్కటీ లేదు. వెనక పియానో. ఎడమ చేతిలో లాంచీ ఇంజను, కుడి చేతిలో నాలుగంటే నాలుగు స్వరాలు, తిరిగి తిరిగి అవే. నాన్న పక్కన కూర్చుని చూసిన దృశ్యం అది. ఆయన పోయాక నేను ఏడవలేదు గానీ, ఫోనులో ఈ ముక్క విని ఏడ్చాను.

నేర్చుకోవడానికి కూర్చున్నాను. ఒక చెవిలో ఫోను తీగ, రెండో చెవి పియానోకి. కుడి చెయ్యి మొదటి రోజే దొరికింది. ఎడమ చెయ్యి వారం తీసుకుంది. మధ్యలో ఒకచోట లాంచీలో కూర్చున్న ముసలామె దగ్గుతుంది. సరిగ్గా ఆ దగ్గు కింద ఎడమ చేతి స్వరాలు మారతాయి, ఏమి మారాయో వినపడదు. ఆ దగ్గు కిందికి దూరడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ముందూ వెనకా ఉన్న స్వరాలు పట్టుకుని, మధ్యలో ఏమి ఉంటే ఈ దారి ఆ దారిలో కలుస్తుందో ఒక్కొక్కటీ వేసి చూశాను. ఇలాంటి పని ఏ పరీక్షలోనూ అడగరు. మీకు ఎవరైనా సినిమా ముక్కలు నేర్చుకోవడం తేలిక పని అని చెబితే, వాళ్ళని ఒక దగ్గు కిందికి దూరమనండి.

దాన్ని మించిన తలనొప్పి ఇంకోటి ఉంది. ఫోనులో వచ్చే స్వరం నా పియానోలో లేదు. ఒక మెట్టు నొక్కితే ఫోను కంటే కాస్త కింద, దాని పక్క మెట్టు నొక్కితే కాస్త పైన. రెండు మెట్లకీ నడుమ ఎక్కడో ఉంది ఆ సంగీతం. మామూలు మనిషైతే దగ్గరలో ఉన్నది వాయించుకుని సరిపెట్టుకుంటాడు. నేను సరిపెట్టుకోలేను. రెండు స్వరాల మధ్య వణుకు వినపడితే బిగించి పోగొట్టడమే నా బతుకు. పైగా తీగలు బిగించే పిడి నా చేతిలోనే ఉంది.

పియానో మొత్తాన్నీ ఫోను శ్రుతికి ఎక్కించాను. నాకు నేను చెప్పుకున్న సాకు కూడా సాకులాగా ఉండదు, శాస్త్రంలాగా ఉంటుంది. కొత్త తీగ ఎలాగూ దిగుతుంది కాబట్టి మేమెప్పుడూ కాస్త ఎక్కించే పెడతాం. ఈసారి ఇంకాస్త ఎక్కించాను, అంతే, పంపించే వేళకి అదే దిగుతుందిలే అనుకున్నాను. దిగేదేమో. కానీ ఈలోగా వాన పట్టింది. వానాకాలంలో పియానో లోపలి పలక తేమ పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బి తీగల్ని పైకి నెడుతుంది. నేను ఎక్కించింది ఎక్కించినట్టే నిలబడిపోయింది. నా చెవి కూడా రోజూ దానికే అలవాటు పడిపోయింది.

పియానోని హాలుకి చేర్చిన రోజు చివరి శ్రుతి నేనే చేశాను. ఫోర్కు దుకాణంలో మర్చిపోయి వెళ్ళాను. వెనక్కి వెళ్ళి తెచ్చుకోవచ్చు, నడిచి వెళ్ళే దూరమే. వెళ్ళలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ చెవికి ఇంకా ఇనప ముక్క కావాలా అని ఒక పొగరు. మొదటి స్వరం జ్ఞాపకం మీదనే పెట్టాను. మిగతా తీగలన్నీ దానికి కలిపాను. ఒకదానితో ఒకటి ఎంత బాగా కలిశాయంటే, ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళ వార్షిక కచేరీ. ఆ పొద్దున దుకాణం తీయగానే ఫోన్ వచ్చింది, వెంటనే రమ్మని. యజమాని మనవడు, మేము ఛోటొబాబు అంటాం, చిన్నబాబు అని, అతనూ నేనూ కలిసి వెళ్ళాం. వేదిక మీద ముగ్గురున్నారు. ఆ సంస్థలో నలభై ఏళ్ళుగా పియానో నేర్పిస్తున్న పెద్దావిడ, కలకత్తా సగం ఆవిడ్ని దిదిమణి, అంటే పంతులమ్మ, అంటుంది. ఆమె పక్కన వెండి ఫ్లూటు పట్టుకున్న ఒకాయన. దిదిమణి వాయించేటప్పుడు పుట తిప్పడానికి ఒక అమ్మాయి, ఆమె శిష్యురాలు. దిదిమణి మాట్లాడకుండా ఒక మెట్టు నొక్కింది. ఫ్లూటు ఆయన అదే స్వరం ఊదాడు. గదిలో ఉన్న అందరి పళ్ళూ పులిశాయి.

"నా వాయిద్యం ఇంతకంటే పైకి రాదు," అన్నాడాయన. "ఊదే గొట్టాన్ని పూర్తిగా లోపలికి నెట్టేశాను."

ఈసారి ఫోర్కు నా జేబులోనే ఉంది. మోగించి పియానో చెక్కకి ఆనించాను. ఫ్లూటు చెప్పిందే ఫోర్కూ చెప్పింది.

నేను నోరు తెరిచేలోపే ఛోటొబాబు అందుకున్నాడు. "వాన, దిదిమణి. ఈ ఏడు వాన చూశారుగా. ఏ పియానో అయినా ఇంతే."

కలకత్తాలో పియానోకి ఏమొచ్చినా వాన మీదికి తోసేయొచ్చు, వాన వచ్చి కాదని చెప్పదు. నేనూ ఊరుకుందామనే అనుకున్నాను. కానీ దిదిమణి కళ్ళజోడు తీసి, చాలా నెమ్మదిగా, "ఇన్ని నెలలు బాగుచేశాక కూడా నాలుగు వానలకి ఇంత కదిలితే ఇక దీన్ని వదిలేయడమే మంచిది. కరెంటు పియానో కొనమని కమిటీ ఎప్పటి నుంచో పోరుతోంది," అంది.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసింది నేను, శిక్ష పియానోకా?

"వాన కాదమ్మా," అన్నాను. "నేను. వానకి ఒక వెంట్రుకవాసి కదులుతుంది, ఇంత కదలదు. ఫోనులో ఒక సినిమా సంగీతం వింటూ వాయించడానికి దీన్ని దాని శ్రుతికి ఎక్కించాను. ఫోర్కు చూడకుండా అలాగే ఇచ్చాను. నన్ను క్షమించండి. సాయంత్రంలోపు దించి ఇస్తాను. పియానోలో ఏ లోపమూ లేదు."

ఛోటొబాబు నా వైపు చూసిన చూపుకి పాలిష్ కూడా ఊడిపోతుంది. దిదిమణి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"తప్పు ఎవరైనా చేస్తారు," అంది. "కానీ సినిమా సంగీతం, ఈ పియానో మీద? దీని ముందు ఎలాంటివాళ్ళు కూర్చున్నారో నీకు తెలుసా?"

"తెలుసమ్మా. వాళ్ళందరికీ శ్రుతి చేసింది నేనే."

"అయితే నీకే తెలియాలి. ఇది బజారు కాదు."

"ఆ సంగీతం కట్టినాయన కూడా ఎక్కడో ఒకచోట ఒక దిదిమణి దగ్గరే నేర్చుకుని ఉంటాడమ్మా."

పక్కనున్న అమ్మాయి చేతిలో పుటలు జారాయి. నవ్వు ఆపుకుంటోందని తర్వాత తెలిసింది. దిదిమణి నాతో మాట్లాడడం మానేసి ఛోటొబాబు వైపు తిరిగింది. ఇక ముందు మీ దుకాణం మనిషి ఎవరూ మా పియానోల మీద గానీ, మీ దగ్గరికి బాగుకి వచ్చిన పియానోల మీద గానీ సినిమా సంగీతం వాయించకూడదు, అది రాతపూర్వకంగా కావాలి, ఈ మనిషి సంతకంతో కావాలి అంది. ఆ సంస్థ పియానోలు పదకొండింటి పనీ మా దుకాణానిదే. ఛోటొబాబు పరుగున వెళ్ళి దుకాణం పేరున్న కాగితం మీద రాసి తెచ్చాడు. పియానో పక్క కుర్చీలో పెట్టాడు. "సాయంత్రంలోపు సంతకం పెట్టండి, దాదా. పెట్టకపోతే రేపు రాకండి," అన్నాడు. నన్ను చిన్నప్పటి నుంచీ దాదా అనే పిలిచేవాడు, ఆ రోజూ మానలేదు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

పనిలో పడ్డాను. తీగ ఎక్కించడం కంటే దించడం కష్టం. దించిన తీగ ఊరుకోదు, మళ్ళీ పైకి పాకాలని చూస్తుంది. ఒకసారి అన్నీ కావలసిన దానికంటే కిందికి దించి, మళ్ళీ మొదటి నుంచి వచ్చి సరిచేయాలి. పది గంటలకి మొదలుపెట్టాను. అందరూ వెళ్ళిపోయారు. కుర్చీలో కాగితం, నేను, పియానో మిగిలాం.

మధ్యాహ్నం ఆ అమ్మాయి టీ తెచ్చింది. నన్ను తెలుగులో పలకరించింది. హైదరాబాద్ పిల్ల, ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం, ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చిందట.

"అంకుల్, ఏ సిన్మాది అది? జర వినిపిస్తరా?"

ఫోను ఇచ్చాను. విన్నది. తన ఫోనులో ఇంకేదో తీసి ఒక మెట్టు నొక్కి చూసింది. నా వైపు కాస్త జాలిగా చూసింది.

"ఇది అసలుది కాదు అంకుల్. శ్రుతి లేపిన్రు."

"ఏటమ్మా అంటున్నావు? లేపడమేటి?"

"హక్కులు లేనోళ్ళు సిన్మా ఉన్నది ఉన్నట్టు పెడ్తే వీడియో సైటోళ్ళ మెషిను పట్టేస్తది. వీడియో తీసేస్తరు. గందుకని దొర్కకుండ కొంచెం పైకి లేపి పెడ్తరు. ఇనేటోళ్ళకు ఏం తెల్వది. మీ అసొంటోళ్ళకే తెలుస్తది." తన ఫోనులో ఉన్న అసలు ముక్క పెట్టింది. ఆ స్వరం తిన్నగా వచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను పొద్దున్నుంచీ దించుకొస్తున్న శ్రుతి, ఆ సినిమావాళ్ళు వాయించిన శ్రుతి, రెండూ ఒకటే.

ఎవడో దొరక్కుండా వేసుకున్న దొంగ వేషానికి నేను ఒక నిండు పియానోని బిగించి వచ్చాను. చాలాసేపు నవ్వాను. ఆ పిల్ల కూడా నవ్వింది.

"నాక్కూడ సిన్మావే వాయించాలని ఉంటది అంకుల్," అంది. "మేడం ముంగట అనలేదు ఎన్నడు. పరీక్షలు అయినంక చూద్దాం అంటరు. ఐదేండ్ల సంది పరీక్షలు అయితనే ఉన్నయ్."

నేనేమీ సలహా ఇవ్వలేదు. నా పక్క కుర్చీలోనే ఒక కాగితం ఉంది, ఇంకొకరికి ఏమి చెబుతాను?

నాలుగున్నరకి పని అయింది. దిదిమణి, ఫ్లూటు ఆయన, ఛోటొబాబు తిరిగి వచ్చారు. ఫ్లూటు ఆయన ఒక స్వరం ఊది తల ఊపాడు. శ్రుతి చేసినవాడు ఆఖరున ఏదైనా వాయించి, మూత తెరిచి ఉంచి లేవాలి. అది మా వృత్తిలో అప్పగింత. నేను కిందనుంచి పైకి నాలుగు మెట్లు కొట్టి లేచిపోవచ్చు. కుర్చీలో ఉన్న కాగితం మీద పేరు రాసి రేపు దుకాణానికి వెళ్ళొచ్చు. ఏ రిటైర్మెంటు లేని ఉద్యోగం, చెయ్యి వణికేదాకా చేసుకోవచ్చు. ఆ పని తప్ప నాకు మరొకటి రాదు. ఇదంతా బాగా తెలిసే, భయపడుతూనే, కూర్చుని లాంచీ బయల్దేరదీశాను.

"దాదా," అన్నాడు ఛోటొబాబు. నేను ఆగలేదు. ఎడమ చేతిని మెత్తగా మొదలుపెట్టి గట్టి చేస్తూ పోయాను. ఒడ్డున మనిషి నడవడం మొదలైంది. ముసలామె దగ్గే చోటు వచ్చింది, అక్కడ దగ్గు లేదు, నేను పదకొండు రోజులు వెతికి తెచ్చిన స్వరాలున్నాయి. ఆ తర్వాత పరుగు. కొత్త తీగలు మీద పడే దెబ్బలన్నీ కాచుకున్నాయి, ఒక్కటీ జారలేదు. ఒడ్డు అయిపోయింది. కుడి చేతి నాలుగు స్వరాల్లో చివరిది మోగి మోగి దానంతట అది ఆగేదాకా మెట్టు మీంచి వేలు తీయలేదు. బతుకులో ఒక ముక్క చివరిదాకా వాయించడం నాకదే మొదటిసారి.

దిదిమణి ముఖంలో నాకేమీ కనిపించలేదు. ఆవిడ కరిగిపోయిందని రాస్తే బాగుండును గానీ, అబద్ధం రాయను.

"శ్రుతి సరిగ్గా ఉంది," అంది. "కాగితం?"

కాగితం తీసి ఛోటొబాబు చేతికిచ్చాను. "ఇందులో నేను చేసిన తప్పు ఒక్కటే, బాబూ. ఫోర్కు మర్చిపోనని రాయించుకోండి, ఇప్పుడే సంతకం పెడతాను. వాయించనని మాత్రం పెట్టను."

అతను తల దించుకున్నాడు. నా సంచి సర్దుకుని వచ్చేశాను. మర్నాడు నా పనిముట్లు కొన్ని దుకాణంలో ఉండిపోతే తెచ్చుకోవడానికి వెళ్ళాను. పాలిష్ దాదా గుమ్మం దాకా వచ్చాడు. "సంతకం పెట్టీసి వాయించుకోవాల్రా ఎర్రోడా. కాయితానికి సెవులుంటాయేటి?" అన్నాడు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు. "దానికి లేవు దాదా, నాకున్నాయి గదా," అన్నాను.

ఇప్పుడు ఇళ్ళకి వెళ్ళి శ్రుతి చేస్తున్నాను. గుమ్మంలోనే నా షరతు చెప్పేస్తాను: పని అయ్యాక ఒక సినిమా ముక్క పూర్తిగా వాయిస్తాను, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఇద్దరు ముగ్గురు తలుపు వేశారు, వేయనీ. ఏడాది తర్వాత ఆ సంగీత సంస్థ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద పియానోలో కింది స్వరాల తీగలు శ్రుతిలో నిలబడడం లేదు, ఒకసారి వచ్చి చూడమని. దిదిమణి ఆ కాగితం మాట వెనక్కి తీసుకుంటే వస్తానన్నాను. ఆవిడ తీసుకోరన్నారు. అయితే రానన్నాను. నా చేత్తో తీగలు కట్టిన పియానో అది. ఫోన్ పెట్టేశాక అన్నం సయించలేదు. అయినా వెళ్ళలేదు.

ఆ వారంలోనే ఇంకో ఫోన్ వచ్చింది. నా చోట్లో చేరిన మిస్త్రీ. నలభై దాటిన మనిషి, హౌరా వైపువాడు, పనిమంతుడని విన్నాను. సిగ్గుపడుతూనే మాట్లాడాడు. మూడుసార్లు శ్రుతి చేశాడట. శ్రుతి చూపించే యాప్ ఫోనులో పెట్టి చూస్తే అన్నీ పచ్చ దీపాలే, వారం తిరిగేసరికి మళ్ళీ దిగిపోతోందట. ఎక్కడ జారుతోందో దొరకడం లేదట.

"శ్రుతి అయ్యాక ఏమి వాయిస్తున్నారు?" అని అడిగాను.

"ఏమీ వాయించడం లేదు దాదా. మెట్లు ఒక్కొక్కటీ నొక్కి చూసి వచ్చేస్తున్నాను. చేరిన రోజే ఆ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు కదా."

"అందుకే దొరకడం లేదు," అన్నాను. "తీగ బిగించే పిన్ను ఏదో వదులైంది. మెత్తగా నొక్కితే అది కదలదు. ఎడమ చెయ్యి గట్టిగా, ఆగకుండా పడే ముక్క ఒకటి మొదటి నుంచి చివరిదాకా వాయించండి. ఎక్కడ చెవికి గుచ్చుకుంటుందో అక్కడ ఆగి చూడండి, అదే ఆ పిన్ను. అలాంటి ముక్కలు సినిమాల్లో బోలెడున్నాయి. హాలు తలుపులు వేసుకుంటారో, తీసే ఉంచుతారో, అది మీ ఇష్టం."

అతను గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ సినిమాది వాయించమంటారు, దాదా?"